తెలుగులో రాసుకునేవాళ్లకు ప్లానర్, డైరీ, ఆల్బమ్: ఏ కాగితం, ఏ పెన్ను, ఏ జిగురు

ప్లానర్ల గురించి, జర్నలింగ్ గురించి దొరికే సలహాలు చాలావరకు ఇంగ్లిషులో రాసేవాళ్ల కోసం, చల్లటి దేశాల్లో ఉండేవాళ్ల కోసం చెప్పినవి. ఆ సలహా విని పేరున్న జర్మనీ నోట్‌బుక్ ఒకటి తెప్పించుకుని, మొదటి పేజీలో 'రాష్ట్రోత్సవం' అని రాసి చూడండి. ట ఒత్తు, ర ఒత్తు కలిసి గీత దాటి కిందికి దిగిపోతాయి. ఆ కింది వరుసలో 'తీర్థం' అని రాస్తే దాని గుడి దీర్ఘం వెళ్లి పై ఒత్తుకు తగులుకుంటుంది. తప్పు మీ దస్తూరీది కాదు. ఆ నోట్‌బుక్‌లో గీతకీ గీతకీ మధ్య 6 మిల్లీమీటర్లే ఉంది మరి.

దీనికి తోడు మన ఎండలు, కోస్తా తేమ, పుస్తకాల్లో దూరే పురుగులు. ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోకుండా కొన్న స్టేషనరీ ఎంత అందంగా ఉన్నా రెండు వేసవులు దాటదు. అందుకే ఈ మార్గదర్శి అంతా రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది: మన లిపి, మన వాతావరణం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి తెలుగులో రాసుకునేవాళ్లకు రెండోది అంతగా వర్తించకపోవచ్చు. మొదటిది మాత్రం తప్పకుండా వర్తిస్తుంది.

మొదట: ఎంతకాలం ఉండాలో తేల్చుకోండి

కొనడానికి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ కాగితం ఎన్నేళ్లు ఉండాలి?

ప్లానర్‌కు ఆయుష్షు ఏడాది. గ్యాస్ బుకింగ్, పిల్లల ఫీజు, ఫలానా వాళ్ల గృహప్రవేశం, ఇవన్నీ అయిపోయాక దాంతో పనిలేదు. డైరీ, అంటే మనసులో మాట రాసుకునే జర్నల్, మీరున్నంతకాలం ఉండాలి. ఫొటోలు, శుభలేఖలు, ఉత్తరాలు అంటించిన జ్ఞాపకాల పుస్తకం మీ తర్వాత కూడా ఉండాలి.

డబ్బు ఖర్చు కూడా ఈ వరుసలోనే పెరగాలి. కానీ చాలా ఇళ్లలో తలకిందులుగా జరుగుతుంది. ఏడాదికి పారేసే ప్లానర్‌కు వెయ్యి రూపాయలు, దానిమీద స్టిక్కర్లకు ఇంకో వెయ్యి పెడతారు. అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు మాత్రం బజార్లో చవగ్గా దొరికిన జిగురు పేజీల ఆల్బమ్‌లో నలుగుతుంటాయి. ప్లానర్ విషయంలో నా అభిప్రాయం కచ్చితంగా చెబుతాను: కొత్త సంవత్సరానికి బీమా ఏజెంటో బ్యాంకువాళ్లో ఇచ్చిన డైరీ ఇంట్లో ఉంటే ఈ ఏడాదికి అదే చాలు. మిగిల్చిన డబ్బు ఆల్బమ్ మీద పెట్టండి.

కాగితం చూసే పద్ధతి

నోట్‌బుక్ అట్ట మీద జీఎస్‌ఎం అని ఒక అంకె ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే లెక్క అది. మామూలు నోటుపుస్తకాలు 55 నుంచి 70 మధ్య, జిరాక్సు కాగితం 70 నుంచి 80 మధ్య ఉంటాయి. జెల్ పెన్నుతో రెండువైపులా రాయాలంటే 80, ఫౌంటెన్ పెన్నుకైతే 90 నుంచి 100, వాటర్ కలర్ వేస్తామంటే 200 దాటాలి.

అయితే బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. జపాన్‌లో పుట్టిన టోమోయె రివర్ కాగితం 52 జీఎస్‌ఎం మాత్రమే, ఉల్లిపొరలా ఉంటుంది. ఫౌంటెన్ పెన్నుతో ఎంత రాసినా ఇంకు అవతలికి దిగదు. కారణం కాగితానికి పట్టించే సైజింగ్, అంటే ఇంకును వెంటనే పీల్చుకోకుండా ఆపే పూత. దానివల్ల ఇంకు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, అవతలి పేజీ అక్షరాలు నీడలా కనిపిస్తాయి. నీడ కనపడటం వేరు, ఇంకు దిగిపోవడం వేరు. నీడను భరించవచ్చు. ఇంకు దిగిపోయే కాగితానికి రెండోవైపు లేనట్టే.

దుకాణంలో పరీక్షించడానికి మీ పెన్ను వెంట తీసుకెళ్లండి. చివరి పేజీ మూలన రాసి చూస్తామంటే కోఠిలోగానీ విజయవాడ వన్‌టౌన్‌లోగానీ ఏ షాపాయనా కాదనడు, మర్యాదగా అడిగితే చాలు. ఇలా చూడండి:

- 'ధృతరాష్ట్రుడు', 'స్వాతంత్ర్యం', 'తీర్థయాత్ర' అని మూడు వరుసల్లో ఒకదాని కింద ఒకటి రాయండి. ఒత్తులూ గుళ్లూ ఒకదాన్నొకటి తాకుతున్నాయా చూడండి.
- 'ఘ', 'ఝ', 'ఱ' రాయండి. లోపలి సున్నాలు పూడిపోతే కాగితం ఇంకును పక్కలకు పాకిస్తోందని అర్థం.
- ఒకచోట పెన్ను ఆనించి మూడు అంకెలు లెక్కపెట్టండి. పేజీ తిప్పి చుక్క దిగిందేమో చూడండి.
- రాసిన వెంటనే వేలితో ఒకసారి, కాసేపాగి మరోసారి రుద్దండి. ఎడమచేత్తో రాసేవాళ్లకు అన్నింటికన్నా ఈ పరీక్షే ముఖ్యం.

గీతల మధ్య దూరం సంగతి ఇంకాస్త చెప్పాలి. జపాన్ నోట్‌బుక్కుల్లో ఏ రకం గీతలు 7 మి.మీ., బీ రకం 6 మి.మీ. అమెరికాలో కాలేజ్ రూల్డ్ అంటే సుమారు 7.1 మి.మీ., వైడ్ రూల్డ్ అంటే 8.7 మి.మీ. తెలుగుకు 8 మి.మీ. హాయిగా ఉంటుంది. సన్నటి పెన్నూ చిన్న దస్తూరీ ఉంటే 7తో సర్దుకోవచ్చు. 6 మి.మీ. అయితే వరుస విడిచి వరుస రాయాల్సిందే, సగం పుస్తకం వృథా. అమెరికాలో ఉన్నవాళ్లు వైడ్ రూల్డ్‌ను చిన్నపిల్లల పుస్తకమని పక్కన పెట్టేస్తుంటారు. తెలుగు రాయడానికి అదే మంచిది. డాట్ గ్రిడ్ పుస్తకాల్లో చుక్కల మధ్య సాధారణంగా 5 మి.మీ. ఉంటుంది. జాబితాలకు, పట్టికలకు బాగుంటుంది కానీ పేరాలు రాయడానికి నేను సిఫారసు చేయను. ఏ గీతలూ లేని తెల్ల పుస్తకం కొని, 8 మి.మీ. గీతలు ముదురుగా గీసిన ఒక షీటు కింద పెట్టుకుని రాయడం ఇంకా మంచి దారి. 100 జీఎస్‌ఎం వరకు గీతలు పైకి కనపడతాయి.

సైజు గురించి ఒక్క మాట: రోజూ వెంట తిప్పేది ఏ6, ఇంట్లో బల్ల మీద రాసేది ఏ5, ఆల్బమ్ ఏ4. ఏ5 అంటే 148 × 210 మి.మీ., ఏ4ను సరిగ్గా సగానికి మడిస్తే వచ్చేది.

పసుపెక్కడం సంగతి డైరీకీ ఆల్బమ్‌కూ వర్తిస్తుంది. వార్తాపత్రిక ఎండలో పెడితే రెండు రోజుల్లో రంగు మారుతుంది కదా, కర్రలోని లిగ్నిన్ అనే పదార్థం అందులో మిగిలిపోవడమే దానికి కారణం. రెండో శత్రువు ఆమ్లం. పూర్వం కాగితానికి పటిక, రోజనం కలిపి సైజింగ్ చేసేవారు. ఆ పటిక వల్ల పుట్టే ఆమ్లమే ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసుబార్చి, మడిచిన చోట విరిగేలా చేస్తుంది. తాతగారి కాలం నాటి పుస్తకాలు ముట్టుకుంటే అప్పడంలా విరిగేది ఇందుకే. అట్ట మీద 'యాసిడ్ ఫ్రీ' అనీ, ఇంకా మంచిదైతే 'లిగ్నిన్ ఫ్రీ' అనీ ఉందేమో చూడండి. ఇప్పటి తెల్ల జిరాక్సు కాగితాల్లో చాలావాటికి కాల్షియం కార్బొనేట్ కలుపుతారు కాబట్టి అవి పాత కాగితాల కంటే నయం.

కాగితం కోసం ఎక్కడికో చూడనక్కరలేదు కూడా. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు, భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ మిల్లు, రాజమహేంద్రవరంలో ఆంధ్రా పేపర్ మిల్లు మన దగ్గరివే. పేపర్ హోల్‌సేల్ షాపులో రీములుగా కొంటే, బ్రాండెడ్ నోట్‌బుక్ ధరకు దానికి ఎన్నో రెట్ల మంచి కాగితం వస్తుంది. దాన్నేం చేయాలో డైరీ దగ్గర చెబుతాను.

పెన్ను: సన్నగా, త్వరగా ఆరేలా

తెలుగుకు 0.7 మి.మీ. జెల్ పెన్ను లావైపోతుంది. ఒత్తుల్లో ఒత్తు రాయాలంటే 0.5, గళ్ల ప్లానర్‌లో చిన్నగా రాయాలంటే 0.38. బాల్‌పెన్ను గీత, అదే సైజు జెల్ పెన్ను గీత కంటే సన్నగా పడుతుంది కాబట్టి బాల్‌పెన్నులో 0.7 కూడా పనికొస్తుంది. ఫౌంటెన్ పెన్ను వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: జపాన్ పాళీల్లో ఫైన్ అన్నది యూరప్ ఫైన్ కంటే సన్నగా ఉంటుంది. తెలుగుకు జపాన్ ఫైన్ సరిగ్గా కుదురుతుంది.

ఫౌంటెన్ పెన్ను మాట వచ్చింది కాబట్టి రాజమండ్రి రత్నం పెన్నులను తలుచుకోకుండా ఉండలేం. స్వదేశీ ఉద్యమ కాలంలో కె.వి.రత్నం తయారుచేసి పంపిన పెన్ను అందుకుని 1935లో గాంధీజీ ఆయనకు ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసే ఆ పెన్నుల్లో డ్రాపర్‌తో నేరుగా ఇంకు పోస్తారు. ఇంకు చాలా పడుతుంది. కానీ ఇంకు సగం కంటే తగ్గాక, వేసవిలో చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ నుంచి బొట్టు రాలే అవకాశం ఉంది. కాబట్టి ఎండాకాలంలో ఇలాంటి పెన్నులను నిండుగా ఉంచుకోండి, తెల్లచొక్కా జేబుకు దూరంగా ఉంచండి.

సైజు కంటే ఇంకు రకం ముఖ్యం. ఇంకుల్లో రెండు జాతులు. ఒకటి నీళ్లలోనో నూనెలోనో పూర్తిగా కరిగిన రంగు, రెండోది కరగని సన్నటి రేణువులు తేలుతూ ఉండే పిగ్మెంట్. కరిగిన రంగు వెలుతురుకు వెలుస్తుంది, నీటిచుక్క పడితే అల్లుకుపోతుంది. బడిలో వాడిన రాయల్ బ్లూ ఇంకు ఇందుకు మంచి ఉదాహరణ. ఉతికితే చొక్కా మీద నుంచి పోతుంది, అలాగే డైరీలోంచి కూడా పోతుంది. పిగ్మెంట్ రేణువులు కాగితం పోగుల్లో ఇరుక్కుని ఉండిపోతాయి. మన తాళపత్రాలు వందల ఏళ్లు చదవగలిగేలా నిలవడంలో మసి పాత్ర ఉంది: గంటంతో గీసిన గాట్లలోకి మసి రుద్దేవారు. మసి అంటే కర్బనం, అది వెలవదు. ఇప్పటి నల్ల పిగ్మెంట్ ఇంకుల్లో వాడేది కూడా ఎక్కువగా ఆ కర్బనమే.

ఆచరణలో ఇలా పంచుకోండి. ప్లానర్‌కు ఏ పెన్నైనా సరే. పైలట్ వీ5 సూదిమొన తెలుగుకు చక్కగా నడుస్తుంది, తడి తగలకపోతే చాలు. డైరీకి పిగ్మెంట్ ఇంకు ఉన్న యూనిబాల్ ఐ లాంటి రోలర్ పెన్ను. ఆల్బమ్‌లో రాయడానికి సకురా పిగ్మా మైక్రాన్, నంబరు 01 లేదా 03. నంబరు 01 గీత 0.25 మి.మీ. మాత్రమే, అరంగుళం ఖాళీలో తెలుగులో రెండు వరుసలు రాయొచ్చు. వీటిలో ఒక్కటే కొనాలంటే నల్లది కొనండి.

చెరిపితే పోయే ఫ్రిక్షన్ పెన్నులంటే ప్లానర్ వాడేవాళ్లకు మోజు. అది వేడికి రంగు కోల్పోయే ఇంకు. వెనక రబ్బరుతో రుద్దితే పుట్టే వేడి దాదాపు 60 డిగ్రీలు చేరగానే మాయమవుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు కూడా ఆ వేడికి చేరుకోగలదు. ప్లానర్ అక్కడ వదిలేస్తే తిరిగొచ్చేసరికి తెల్లకాగితాలు మిగలొచ్చు. అలా జరిగితే కంగారుపడకుండా పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. మైనస్ 10 నుంచి మైనస్ 20 డిగ్రీల మధ్య అక్షరాలు తిరిగి వస్తాయి, మీరు కావాలని చెరిపినవి కూడా వాటితోపాటే. డైరీలో, చెక్కుల మీద, ఆల్బమ్‌లో ఈ ఇంకు అసలు వాడకూడదు.

పెన్సిల్‌ను తక్కువ చేయకండి. గ్రాఫైట్ కూడా కర్బనమే. ఎవరూ చెరపనంత కాలం దానికి చావులేదు.

ప్లానర్: పంచాంగం చూసి నింపాలి

విదేశీ ప్లానర్లలో హాలోవీన్ ఉంటుంది, అట్లతద్ది ఉండదు. కాబట్టి తేదీలు అచ్చువేసిన ఖరీదైన ప్లానర్ కంటే, తేదీలు వేయనిది కొని మీరే నింపుకోవడం మేలు.

జనవరి మొదటివారంలో పక్కన వెంకట్రామా క్యాలెండరో మీకు అలవాటైన పంచాంగమో పెట్టుకుని కూర్చోండి. ఇంగ్లిషు తేదీ ప్రకారం వచ్చేవి, అంటే పుట్టినరోజులు, పాలసీ ప్రీమియం, పిల్లల పరీక్షలు పెన్నుతో రాయండి. తిథి ప్రకారం వచ్చేవి, అంటే ఆబ్దికాలు, వ్రతాలు, పండగలు పెన్సిల్‌తో రాయండి. ఎందుకంటే తిథి ఒక్కోసారి రెండు తేదీల మీద నడుస్తుంది, ఏ రోజు చేయాలో పురోహితుడు చెప్పాకే ఖాయం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు ఇండియాలో పడిన తేదీకి ఒకరోజు తేడా రావచ్చు కాబట్టి అక్కడి సమయానికి లెక్కగట్టిన పంచాంగమే చూడాలి.

నిరుటి ప్లానర్ చూసి ఈ ఏటి తిథులు అందాజుగా వేసుకోవడం కుదరదు. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో 2027 ఉగాది ఏప్రిల్ 7కు జరుగుతుంది. మిగతా పండగలన్నీ ఇలాగే ముందుకూ వెనక్కూ కదులుతుంటాయి.

రోజువారీ పనులకు బుల్లెట్ జర్నల్ పద్ధతి తెలుగుకు బాగా పనికొస్తుంది. న్యూయార్క్‌లో ఉండే రైడర్ క్యారల్ 2013లో దీన్ని అందరి ముందుకు తెచ్చాడు. పనికి చుక్క, అయిపోతే దానిమీద ఇంటూ, రేపటికి వాయిదా పడితే బాణం గుర్తు, అంతే సంగతులు. దీనికి ఏ ప్రత్యేక పుస్తకమూ అక్కర్లేదు. మొదటి రెండు పేజీలు విషయసూచికకు వదిలి, ప్రతి పేజీకి నంబరు వేసుకుంటే ఏ బౌండు పుస్తకమైనా బుల్లెట్ జర్నలే. డాట్ గ్రిడ్ వాడితే పనికీ పనికీ మధ్య ఒక చుక్కల వరుస ఖాళీ వదలండి. పూర్తి వాక్యాలు వద్దు. 'కరెంటు బిల్లు', 'దర్జీ', 'మామయ్యకు ఫోన్' చాలు.

పాలు రాని రోజులు, పనిమనిషి నాగాలు, గ్యాస్ సిలిండర్ తేదీ గోడ క్యాలెండర్ గళ్లలో రాసే ఇల్లయితే వాటిని అక్కడే ఉంచండి. ఇంట్లో అందరికీ కనిపించాల్సిన లెక్కను మీ ప్లానర్‌లో దాచుకుంటే అడిగినవాళ్లందరికీ మీరే జవాబు చెప్పుకోవాలి.

రంగులు రెండు చాలు: ఇంటిదొకటి, ఉద్యోగానిదొకటి. ఆరు రంగులు పెట్టుకున్నవాళ్లు రెండోవారానికి ఏ రంగు దేనికో మరిచిపోతారు. హైలైటర్ వాడితే జెల్ ఇంకు పూర్తిగా ఆరాకే గీయండి. స్టిక్కీ నోట్లు ప్లానర్‌లో ఎన్నైనా అంటించండి, ఆల్బమ్‌లో, దస్తావేజుల మీద మాత్రం వద్దు. పీకినా సన్నటి జిగురు పొర మిగిలి దుమ్ము పడుతుంది.

వాషి టేపుకు, అంటే అలంకరణకు అంటించే కాగితపు టేపుకు, పెట్టింది పేరు జపాన్‌లోని కురాషికిలో ఉన్న కమోయి కంపెనీ. 1923లో ఈగలు అంటుకునే కాగితాలు చేయడంతో మొదలైన ఆ కంపెనీ 2008లో రంగురంగుల అలంకరణ టేపులు తెచ్చింది. మన బజార్లలో వాషి పేరుతో ప్లాస్టిక్ టేపులు కూడా అమ్ముతారు. కొంచెం చింపి చూడండి. కాగితమైతే వేళ్లతో సులువుగా తెగుతుంది, ప్లాస్టిక్ సాగుతుంది.

డైరీ: మీరే కుట్టించుకోండి

మంచి డైరీకి లక్షణం బల్ల మీద తెరిస్తే పరుచుకుని కూర్చోవడం. అది కుట్టు వల్ల వస్తుంది. వీపుకు వేడి జిగురు పూసి అట్ట తొడిగే పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకం తెరిచినప్పుడల్లా మూసుకుపోతుంటుంది. కొన్నాళ్లకు జిగురు పగిలి పేజీలు ఊడతాయి. పుస్తకం వీపును పైనుంచి చూడండి. చిన్నచిన్న కట్టలు మడతలుగా కనిపించి, మధ్యలో దారం ఉంటే కుట్టింది. తిన్నగా కోసినట్టుంటే అంటించింది.

బజార్లో దొరికేది నచ్చకపోతే ఊళ్లో బైండింగ్ షాపుకు వెళ్లండి. కాలేజీ రికార్డులు, ఆఫీసు రిజిస్టర్లు కట్టే ఆయన మీకు జీవితాంతం నిలిచే డైరీ కట్టగలడు. కాకపోతే కాగితం మీరే ఇవ్వాలి, ఇక్కడ ఒక కిటుకు ఉంది.

కాగితంలో పోగులు ఒక దిశలో పడుకుని ఉంటాయి. పుస్తకం వీపుకు సమాంతరంగా పోగులు ఉంటేనే పేజీ మెత్తగా తిరుగుతుంది, తేమకు అలలు తేలదు. మామూలు ఏ4 కాగితంలో పోగులు పొడవు వైపు ఉంటాయి. దాన్ని సగానికి మడిచి ఏ5 పుస్తకం చేస్తే పోగులు మడతకు అడ్డం పడతాయి. వానాకాలంలో ఆ డైరీ పేజీలు ముడతలు తేలుతాయి. పొడవువైపు పోగులున్న ఏ3 కాగితం కొని, పొడవును సగానికి కోయిస్తే వచ్చే ఏ4 ముక్కల్లో పోగులు సరైన దిశలో ఉంటాయి. పోగు ఎటుందో తెలియాలంటే కాగితాన్ని మడత పడకుండా రెండువైపులా మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే ఆ వంపుకు సమాంతరంగా పోగులున్నట్టు.

ఇంట్లోనే చేసుకోవాలనుకునేవాళ్లకు వరుస ఇది:

1. 100 జీఎస్‌ఎం ఏ3 కాగితాలు 20 తీసుకుని సగానికి కోయించండి. 40 ఏ4 ముక్కలు వస్తాయి.
2. నాలుగేసి ముక్కలు కలిపి మధ్యకు మడవండి. స్టీలు గరిటె వెనకభాగంతో మడతను గట్టిగా రుద్దండి. ఒక్కో కట్ట 16 పేజీలు, ప్రెస్సువాళ్లు ఫారం అనేది దీన్నే. పది ఫారాలు, 160 పేజీలు.
3. ఫారాలన్నింటినీ రాత్రంతా బరువు కింద ఉంచండి. తర్వాత ప్రతి ఫారం మడత మీద ఒకే కొలతలో ఐదు చోట్ల దబ్బనంతో రంధ్రం చేయండి.
4. గట్టి నూలు దారానికి మైనం రుద్ది, ఒక్కో ఫారాన్ని లోపలికీ బయటికీ కుట్టుకుంటూ, చివర్లలో కింది ఫారం దారానికి ముడివేస్తూ పైకి వెళ్లండి. దారం బిగువుగా ఉండాలి, కాగితం చిరిగేంత కాదు.
5. వీపు మీద తెల్ల ఫెవికాల్ పల్చగా పూసి, పల్చటి నూలు గుడ్డ అంటించండి. గుడ్డ రెండుపక్కలా అంగుళం మిగలాలి. ఆరేదాకా బరువు కింద ఉంచండి.
6. ఆ మిగిలిన గుడ్డను రెండు అట్టలకు అంటించి, పైన కాలికో గుడ్డ తొడగండి.

ఐదో మెట్టుదాకా మీరు చేసి, అట్ట మాత్రం షాపులో వేయించుకుంటే పని తేలిక, చూడటానికీ శుభ్రంగా ఉంటుంది. మైదా జిగురు మాత్రం వద్దని చెప్పండి. చవకని కొందరు ఇప్పటికీ అదే వాడతారు. పిండి పదార్థమంటే పుస్తకాల పురుగులకు విందు.

జ్ఞాపకాల పుస్తకం

అసలు జాగ్రత్త అంతా ఇక్కడే కావాలి. పాడైతే తిరిగి రానివి ఉండేది ఇందులోనే.

ముందు ఇంట్లో ఉన్న పాత ఆల్బమ్ సంగతి చూడండి. పేజీకి చారలు చారలుగా జిగురు పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమ్‌లు ఒకప్పుడు ప్రతి పెళ్లికీ కొనేవారు. ఆ జిగురు, ఆ అట్టలోని ఆమ్లం ఫొటోను వెనకనుంచి తినేస్తాయి. ఫొటోలు తీయాలంటే పీకకండి. ముందు ప్రతి పేజీని ఫోనుతోనైనా ఫొటో తీసి ఉంచుకోండి, ఒకటి చిరిగినా బొమ్మ మిగులుతుంది. తర్వాత పళ్లు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనక ఒక మూల నుంచి రంపంలా మెల్లగా ఆడిస్తూ తీయండి. బాగా అతుక్కున్నదాన్ని అలాగే వదిలేసి, పేజీనే ఫొటో చుట్టూ కత్తిరించి ఉంచుకోవడం మంచిది.

కొత్త ఆల్బమ్‌లో పాకెట్లు పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్‌వి కావాలి. పీవీసీ వద్దు. కొత్త రెయిన్‌కోటులా ఘాటు వాసన వస్తే అది పీవీసీయేనని అనుమానించండి. ల్యాబుల్లో మ్యాక్సీ అని పిలిచే 4 × 6 అంగుళాల ప్రింట్లకు ఈ పాకెట్లు తేలిగ్గా దొరుకుతాయి. పేజీల మీద అమర్చాలనుకుంటే ఫొటో కార్నర్లు వాడండి. జిగురు పేజీకి అంటుతుంది తప్ప ఫొటోకు తగలదు, ఎప్పుడంటే అప్పుడు తీసి వెనక రాసింది చదువుకోవచ్చు. ఫెవికాల్‌లో నీళ్లు ఉంటాయి కాబట్టి కాగితం ముడతలు పడుతుంది. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపెక్కి, టేపు ఊడి మరక మాత్రం మిగులుతుంది. లామినేషన్ చేస్తే మళ్లీ వెనక్కి రాదు, కాబట్టి ఒరిజినల్ ఉత్తరాలకు, ఫొటోలకు అసలు చేయించకండి.

శుభలేఖల దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డును ఫొటో పక్కన పెడితే పసుపు అంటుకుంటుంది. ఒక్కో శుభలేఖను ఒక్కో ప్లాస్టిక్ పాకెట్లో విడిగా పెట్టండి. పసుపు తుడవాలని చూడకండి, అది కూడా ఆ పెళ్లి గుర్తే.

సినిమా టికెట్లు, బస్సులో మెషీన్ నుంచి వచ్చే టికెట్లు, ఏటీఎం స్లిప్పులు థర్మల్ కాగితం మీద వస్తాయి. వేడికి నల్లబడే పూత ఉన్న కాగితం అది, ఇంకు అంటూ ఉండదు. వేడికి మొత్తం నల్లబడుతుంది, వెలుతురుకు వెలుస్తుంది, పీవీసీ కవర్లో పెడితే ఇంకా త్వరగా అక్షరాలు పోతాయి. దాచుకోవాలంటే ఈరోజే లేజర్ ప్రింటర్ మీద కాపీ తీయించి ఆ కాపీని అంటించండి. వార్తాపత్రిక కత్తిరింపులకూ ఇదే మందు. ఒరిజినల్‌లోని ఆమ్లం ఎదురు పేజీకి పాకుతుంది.

పాత ఇన్‌లాండ్ లెటర్లు, పోస్టుకార్డులు మడతలు విప్పి చదునుగా ఉంచండి. మడత మీదే కాగితం తెగుతుంది.

ఇక రాయడం. ఫొటో వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు బొమ్మ మీద గాడి పడుతుంది. పాత నలుపు తెలుపు ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచున తేలిగ్గా రాయొచ్చు. ఇప్పటి రంగుల ప్రింట్ల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పడదు. అక్కడ పిగ్మా లాంటి పెన్నుతో రాసి, పూర్తిగా ఆరాక దొంతర పెట్టండి.

'అమ్మమ్మ, పెద్దమామయ్య, తిరుపతి' అని మాత్రం రాయకండి. మీ అమ్మమ్మ మీ పిల్లలకు ముత్తమ్మమ్మ, వాళ్ల పిల్లలకు ఆమె ఎవరో తెలియదు. పేరు, ఇంటిపేరు, పుట్టింటి ఇంటిపేరు కూడా, ఊరు, సంవత్సరం రాయండి. సంవత్సరం తెలియకపోతే 'పెద్దబ్బాయి పుట్టకముందు' అని రాసినా ఉపయోగమే. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు పెట్టుకోండి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు సరిదిద్దుతారు, మూడోవాళ్లు పోట్లాడతారు, నిజం బయటికొస్తుంది.

దాచే చోటు

అటక మీద పెట్టకండి, వేసవిలో అక్కడ కొలిమి. బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడ అల్మారా కూడా వద్దు. ఇంటి మధ్య గదిలో, నేలకు ఎత్తులో, గోడకు కాస్త ఎడంగా ఉన్న స్టీలు బీరువా సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారినప్పుడల్లా ఆరబెట్టి వాడండి. పుస్తకాల మధ్య వేపాకు పెట్టే అలవాటుంటే పూర్తిగా ఎండబెట్టి గుడ్డ సంచిలో పెట్టండి, ఆకు నేరుగా తగిలితే మరక పడుతుంది. నాఫ్తలీన్ గోళీలు ఫొటోలున్న అరలో వద్దు. పురుగు పట్టిన డైరీని ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి. ఫొటోలకు ఈ పద్ధతి వాడకండి. ఏడాదికోసారి, వానాకాలం అయ్యాక, అన్నీ తీసి తిరగేయండి.

తుఫానుకో పైకప్పు కారడం వల్లో ఆల్బమ్ తడిస్తే రెండు రోజుల్లోపే బూజు మొదలవుతుంది. తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ఆరాయంటే ఇక విడిపోవు. కాబట్టి తడిగా ఉండగానే మంచి చల్లటి నీళ్ల పళ్లెంలో వేసి, వాటంతట అవి విడిపోయాక ఒక్కొక్కటే తీసి, బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. ఇంకుతో రాసిన కాగితాలను మాత్రం నీళ్లలో పెట్టకండి. వాటిని ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్ల టిష్యూ కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరనివ్వండి. అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టే తీరిక లేకపోతే ముందు ఫొటోల సంగతి చూసి, రాసిన కాగితాలను సంచుల్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు అక్కడితో ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు కొద్దికొద్దిగా తీసి ఆరబెట్టుకోవచ్చు.